పక్కింటి జట్టు

సెప్టెంబరు మొదటి శనివారం పొద్దున, కాన్సస్‌లోని తన ఇంటి ముందు ఆర్విల్ కారు తుడుస్తున్నాడు. పక్కింటి వెర్లీన్ వచ్చి మెట్ల మీద కూర్చుంది. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆమెది కెల్సీ జట్టు, అతనిది నార్త్‌ఫోర్క్ జట్టు. ఇద్దరికీ తలలు నెరిసినా ఆ పోరు మాత్రం తగ్గలేదు.

"మీ కెల్సీవాళ్ళు పెద్ద లీగులోకి ఎగిరిపోయారుగా. ఇంక మాతో ఆడరట. ఓడిపోతామని భయమా?"

"టీవీవాళ్ళిచ్చే డబ్బు కోసం పోయారు. ఇప్పుడు ఒక్కో ఆటకీ విమానమెక్కి సముద్రం ఒడ్డుదాకా పోవాలి."

"మరి నేనెవర్ని ఆడిపోసుకోను?"

"ఆ సంగతి తర్వాత. మా మనవడు కోల్టన్‌ని కెల్సీ జట్టులోంచి తీసేశారు, తెలుసా?"

ఆర్విల్ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"అదేంటి?"

"ఆటగాళ్ళకిచ్చే స్కాలర్‌షిప్పులు ఇంతమందికేనని పరిమితి ఉందిగా. బయటినుంచి పేరున్న కుర్రాణ్ణి తెచ్చుకుని, వీడిది అతనికిచ్చారు."

"పాపం. పోయినేడు మమ్మల్ని ఓడించింది వాడేగా."

"అది మీ కోచ్ మర్చిపోలేదు. పిలిచి మరీ స్కాలర్‌షిప్పిచ్చాడు. ఇవాళ మీ జట్టులో ఆడుతున్నాడు."

ఆర్విల్ పెదవులు బిగబట్టాడు.

"నవ్వెయ్యవయ్యా, ఒక్కసారే అయిపోతుంది. నీ దగ్గర మీవాళ్ళ పచ్చ చొక్కా ఇంకోటుందా? నా బీరువా నిండా ఎర్రవే."

అతను కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వి, లోపలికెళ్ళి చొక్కా తెచ్చాడు.

"స్టేడియంలో మా జట్టు పాట మొదలవగానే లేచి నిలబడి పాడాలి మరి. మాటలొచ్చా?"

"ఇన్నేళ్ళూ వెక్కిరించింది దాన్నేగా."

కారు వీధి మలుపు తిరిగేలోగా వెర్లీన్ పాటంతా ఒక్క మాట తప్పకుండా పాడేసింది. రెండో చరణం ఆర్విల్‌కే రాలేదు.