ఇంటిల్లిపాదికీ చప్పిడి

కువైట్‌లో ఒక అరబ్బు ఇల్లు, కింది అంతస్తు వంటగది. మధ్యాహ్నం అన్నాలు పైకి వెళ్ళే వేళ. వంట చేసే సంజీవమ్మది రాజంపేట వైపు. తట్ట పైకి మోసుకెళ్ళి వడ్డించే ఎలీసమ్మది రాజోలు వైపు. ఇంటి యజమానురాలిని ఇద్దరూ ‘మామా’ అంటారు, యజమానిని ‘బాబా’ అంటారు.

“కూర్చో అక్కా. ముందు కూర్చో. ఆ గంటె ఇలా ఇయ్యి.”

“వదులు మే. పడను. పొయ్యి కాడ వేడికి కండ్లు తిరిగినాయి, అంతే.”

“ఏసీ ఆడతా ఉంటే వేడేంటి? మొన్నా ఇలాగే గోడ పట్టుకుని నిలబడ్డావు. అప్పుడు నిద్ర లేదన్నావు.”

“నిద్ర లేకపాయె.”

“మొన్న నిద్ర, ఇయ్యాల వేడి. రేపేం చెప్తావు?”

“రేపటి మాట రేపు. మచ్బూస్ అన్నం దించినా, వంచి తట్టకెత్తుకోని పో. పైన మామా కాచుకోనుంటాది.”

“ఉండనీ. నువ్వు వంగినప్పుడు నీ జేబులోంచి ఇది పడింది.”

“ఇటియ్యి.”

“ఏం మాత్రలియ్యి?”

“తలనొప్పివి.”

“తలనొప్పి మాత్రలు తెల్లగా ఉంటాయి, మామా డబ్బాలో నేనే సర్దుతాను. ఇయ్యి గులాబీ రంగు. మా అమ్మ ఏసుకునేది ఇలాంటియ్యే. బీపీకి.”

“తెలిసినదానివి ఇంగ ఏంటికి అడుగుతాండావు?”

“ఎన్నాళ్ళ నుంచి?”

“మెల్లగ మాట్లాడు.”

“ఎన్నాళ్ళ నుంచక్కా?”

“రంజాన్ అయినప్పటి నుంచి. మీ చర్చికి వస్తాది గదా, హవల్లీలో ఉండే నర్సు, ఫ్లోరెన్స్ సిస్టరు. కూరగాయలకు పోయినప్పుడు ఆమె ఇంట్లో మిషన్‌తో చూసింది. ఒకసారి చూసి, నమ్మకం లేక మళ్ళా చూసింది. డాక్టరు కాడికి ఆమే తీసకపోయె. ఈ మాత్రలు రాసి, ఉప్పు బాగా తగ్గించమనె.”

“ఇంతుంటే పక్క మంచం మీద పడుకునేదాన్ని, నాకు చెప్పవా?”

“నీ నోట్లో నువ్వుగింజ నానదు మే.”

“అక్కా.”

“అబద్ధమా? నువ్వు డ్రైవర్ గౌస్‌కు చెప్తావు. గౌస్ బాబాకు చెప్తాడు. బాబా మామాకు చెప్తాడు. ముందుండిన శ్రీలంక ఆమెకు ఏమాయె? షుగరని తెలిసీ తెలియంగానే, మనల్ని పనికి తెచ్చిన ఏజెంటు ఆఫీసు, ఆ మక్తబ్‌లోనే దించి వచ్చిరి. వేరే ఇల్లు దొరికిందా? ఒకసారి జబ్బు మనిషని పేరు పడితే ఖలాస్. నా వయసుకు మళ్ళా ఎవురు పిలుస్తారు? ఇంటి కాడ కొడుకు ఆటో తిరగబడి కాలు పోయి కూచున్నాడు. నా జీతం ఆగిపోతే ఆ ఇంట్లో పొయ్యి ఆరిపోతాది.”

“అది కాదు, ఉప్పు తగ్గించమంటే ఎలా తగ్గిస్తావు? మనం తినేది పైనుంచి తిరిగొచ్చిందే కదా.”

“అదే గదా నా ఏడుపు. ఈ ఇంట్లో మనకు వేరే కుండ లేదు.”

“ఉప్పెయ్యకముందే నీ మట్టుకు కొంచెం తీసి దాచుకోపోయావా?”

“పైకి పోయి తిరిగొస్తే అది మిగిలింది. ముందే తీసుకుంటే అది దొంగిలించింది. మునుపు ఈడ పనిచేసిన ఆ ఫిలిప్పీన్స్ పిల్ల కోడి ముక్క పక్కన పెట్టుకున్నందుకు మామా ఎన్ని మాటలు అనె, నువ్వు లేవా ఆ పొద్దు?”

“మరేం చేశావు?”

“ఏం చేస్తా? ఇంటిల్లిపాదికీ తగ్గించినా.”

“ఏంటి?”

“ఉప్పు. అందరికీ. ఒకేసారి కాదులే, పసిగడతారని కొంచెం కొంచెంగా.”

“ఎప్పటి నుంచి?”

“నెల దాటింది. ఏందిమే అట్ల చూస్తాండావు? వాళ్ళకు మాత్రం మంచిది కాదా? కూరల్లో రుచికి వేసే మ్యాగీ బిళ్ళలు మానేసినా. వాటి నిండా ఉప్పే అంట. ఎండు నిమ్మకాయ ఇంకొకటి వేస్తాండా, వెల్లుల్లి దండిగా, మిరియం దండిగా. రుచి ఏమన్నా తగ్గిందా? నువ్వే చెప్పు, పైన వడ్డించేది నువ్వే గదా. ఒక్కరన్నా ఉప్పు చాల్లేదనిరా?”

“తట్ట తీసుకెళ్తానక్కా. ఆలస్యమైపోతంది.”

“అనిరా లేదా?”

“నాతో ఏం అంటారు, పనిదాన్ని.”

“చూడు మరి. సిస్టరు చెప్పింది నిజం. మొదట చప్పగా ఉంటాది, పోను పోను నాలిక అలవాటు పడతాది అనె. ఇంత ఇంట్లో ఇంతమంది నాలికలు నేను మార్చినా. తినేటోళ్ళకే తెలీకుండా.”

“నీకు? నీకు ఎలా ఉంటందక్కా, తింటంటే?”

“అదే విచిత్రం. మొదటి నాలుగు పూటలు మట్టి తిన్నట్ల ఉన్నింది. ఆ తర్వాత ఎంత తగ్గించినా ఉప్పగానే ఉంటాది. ఉప్పు మానేకొద్దీ నాలికకు సూక్ష్మం వస్తాదంట, రవ్వంతున్నా పట్టేస్తాదంట. సరేలే అని మళ్ళా సగం చేసినా. మళ్ళా ఆ సగంలో సగం.”

“సగంలో సగమా?”

“ఊ.”

“వండేటప్పుడు ఒక్క చుక్క నాలిక మీద ఏసుకుని చూడవా నువ్వు?”

“ఎంగిలి చేసి వండే అలవాటు మా ఇంట్లో లేదు. మా అత్త నా చేత పట్టుబట్టి మాన్పించింది, తినేటోళ్ళ కంటే ముందు నీ నాలిక తగలకూడదని. చెయ్యే కొలత. మామా నన్ను మెచ్చుకునేది కూడా దానికే. గంటె నాకని చెయ్యి అని వచ్చినోళ్ళందరికీ చెప్తాది.”

“ఒక్కసారి నాకి చూసుంటే బాగుండేది.”

“చూసుంటే?”

“ఏం లేదు.”

“ఏందో ఉండాది. నీ మొగం ఎందుకు అట్ల తెల్లబోయింది? నాకు కదా జబ్బు.”

“ఏం లేదంటన్నాను కదా. మరి తగ్గిందా బీపీ?”

“ఆడికే వస్తాండా. నిన్న గౌస్ కూరగాయలకు పోతే నేనూ ఎక్కిపోయినా. సిస్టరు చూసింది. తగ్గలే. మొదటికంటే ఎక్కింది.”

“ఎక్కిందా?”

“నన్ను కోప్పడె. పచ్చడి నాకుతాండావు, నాతో అబద్ధం చెప్తాండావు అనె. కొడుకు మీద ఒట్టు వేసినా మే. చీజు ముట్టలేదు, పచ్చడి ముట్టలేదు. అప్పుడు ఆమె కూడా మెత్తబడె. ఇంత మానేసినా దిగలేదంటే లోపల ఇంకేందో ఉన్నట్టు, కిడ్నీలు కూడా కావచ్చు, ఊరికి పోయి పెద్దాసుపత్రిలో చూపించుకో సంజీవమ్మా అనె.”

“అయితే?”

“అయితే ఏముంది. పోతా. అన్నాలు అయినాక మామాను అడుగుతా, మా అమ్మకు బాగలేదు, పంపీమని. జబ్బు నాదని చెప్తే ఆ పేరు ఊరిదాకా నా వెంట వస్తాది. అమ్మ మీద పెడితే నయమైతే మళ్ళా రావచ్చు. నయం కావాల గదా.”

“అడగొద్దు.”

“ఏంటికి?”

“అడగొద్దక్కా. ఒక్క వారం ఆగు.”

“ఆగితే ఈ కాళ్ళ వాపు దిగుతాదా? చూడు, వేలు పెడితే గుంట పడి అట్లే ఉంటాది.”

“ప్రభువా.”

“ఏడుస్తాండావేంది? పిచ్చిదానా. నేను పోతే వంట నీకే ఇస్తారు. నాలుగు దీనార్లు పెరుగుతాయిలే నీకు.”

“అలా అనకు. నీకు దండం పెడతాను, ఆ మాట మాత్రం అనకు.”

“నేనేం తప్పు మాట అంటిని?”

“వాళ్ళ నాలిక అలవాటు పడలేదక్కా.”

“ఎవురి నాలిక?”

“పైనోళ్ళది. ఎవరిదీ పడలేదు. మొదటి వారంలోనే మామా పళ్ళెం తోసేసింది. గడ్డి తిన్నట్టుందంది. పిల్లలు సాంతం వదిలేశారు. బాబా ఉప్పు డబ్బా తెమ్మన్నాడు.”

“నాకు చెప్పకపోతివే.”

“ఏమని చెప్పను? నీ చెయ్యి కొలత తప్పింది, పెద్దదానివైపోయావు అని చెప్పనా? నాకు నీ బీపీ సంగతి తెలుసా ఏంటి? చెయ్యి మరిచిపోతున్నావనుకున్నాను. మా నాయనమ్మకీ ఇలాగే మొదలైంది. మామా ఏమందో తెలుసా? ఇంకొక్క పూట ఇలా వస్తే దాన్ని మక్తబ్‌లో దించేసి కొత్త వంటామెని తెచ్చుకుంటానంది. కిందకొచ్చి చూస్తే నువ్వు గిన్నెలు కడుగుతా కూనిరాగం తీత్తన్నావు. నాకు నోరు రాలేదు.”

“అయితే ఇన్ని దినాలు వాళ్ళు ఎట్ల తినిరి?”

“నేనేత్తన్నాను.”

“ఏంది?”

“ఉప్పు.”

“మళ్ళా చెప్పు.”

“రోజూ నువ్వు తట్ట నా చేతికిచ్చాక, మెట్ల మలుపులో దించి ఏత్తన్నాను. కూరైతే ఊరికే కలిసిపోద్ది. వండిన అన్నంలో కల్లుప్పు కరగదు కదా, వేడినీళ్ళలో కరగబెట్టి చిన్న సీసాలో పోసుకుని చల్లుతున్నాను. నువ్వు తగ్గించేకొద్దీ చప్పదనం ఎక్కువైపోతంది, నేనూ పెంచుకుంటా పోయాను.”

“అంటే నేను తినింది.”

“అదే. పైనుంచి తిరిగొచ్చిందే.”

“నీ చేతులు విరిగిపోను. నెల నుంచి నన్ను ఉప్పులో ఊరబెడితివి గదమే. మామిడికాయ ముక్కను ఊరబెట్టినట్ల ఊరబెడితివి.”

“కొట్టక్కా. నాలుగు కొట్టు, పడతాను.”

“కొట్టే శక్తి ఉంటే గదా. దిగలేదు దిగలేదని రాత్రంతా దేవునికి మొక్కుకుంటి. నా ప్రాణం తీసి తట్టలో పెట్టినావు గదమే.”

“నువ్వు ఒక్క మాట చెప్పుంటే ఏసేదాన్నా నేను?”

“నీ నోట్లో నానదనుకుంటి.”

“నెల నుంచి నానతానే ఉంది, చూశావా.”

“నవ్వించబాకు. నాకు ఒళ్ళు మండుతాండాది.”

“మండనీ. మండినా తిట్టినా నీ ఇష్టం. కానీ ఇది విను. నువ్వు ఉప్పు మానేసినా తగ్గలేదని కదా పోతానంటున్నావు. నువ్వు ఇంకా మానెయ్యనే లేదు. ఒక్క పూట కూడా.”

“అవును గదమే.”

“కిడ్నీలో ఏముందో ఎవరికి తెలుసు? పరీక్ష చేయించుకుందాం, నేను వత్తాను. కానీ ముందు ఉప్పు నిజంగా తగ్గించి చూడాలి కదా. ఫ్లోరెన్స్ సిస్టరుతో ఈ శుక్రవారం నేనే చెప్తాను, తప్పు నాదని.”

“తగ్గించేది ఎట్ల? మళ్ళా అదే కుండ గదా.”

“నువ్వు వాళ్ళకి మునుపట్లాగే ఉప్పేసి వండు. పైనుంచి కూరలే వస్తాయా? పెరుగొత్తంది, పళ్ళొత్తన్నాయి, పిల్లలు వదిలేసిన ఉడకబెట్టిన గుడ్లొత్తన్నాయి. ఉప్పు తగలనియ్యన్నీ నీకు, మిగిలింది నాకు. అన్నం మాత్రం నా వాటా, నువ్వు ముట్టుకోకు.”

“పోనక్కర్లేదంటావా?”

“పోనక్కర్లేదు. ఇప్పుడు మాత్రం.”

“ఎలీసా, నాకు నిజంగా పోబుద్ధి కాలేదు మే. నిన్న పెట్టె సర్దుకుంటా ఏడ్చినా.”

“ఇంక తియ్యి ఆ పెట్టె.”

“ఉండు. ఆ సీసా. మెట్ల మీద అన్నంలో నీళ్ళు చల్లుతాంటే ఎవురన్నా చూసినారా?”

“ఎవరూ చూళ్ళేదు.”

“చూస్తే ఉప్పనుకోరు. సిహర్ అంటారు, చేతబడి. వీళ్ళకు అన్నిటికంటే భయం అదే. మక్తబ్ కాదు మే, అట్లే జైలుకు పంపిస్తారు. ఇచ్చేయ్ నాకు, సింకులో పోస్తా.”

“జేబులో ఉంది, తీత్తన్నాను.”

“తొందరగా. ఎవురో దిగుతాండారు.”

“ఎలీసా. అన్నం ఎక్కడ?”

“వస్తున్నా మామా. యల్లా, ఇదిగో తట్ట.”

“తట్ట అక్కడ పెట్టు. జేబులోంచి చెయ్యి తియ్యి. ఏంటది?”

“ఏం లేదు మామా.”

“ఏమీ లేనిదాన్ని అంత గట్టిగా పట్టుకుంటారా? నిన్న నా కోడలు మెట్ల మీద నిన్ను చూసింది. నా మనవలు తినే అన్నంలో సీసాతో నీళ్ళు చల్లుతున్నావట. నేను నమ్మలేదు. ఇప్పుడు సీసా నీ చేతిలోనే ఉంది. ఏం నీళ్ళివి?”

“ఉప్పు నీళ్ళు మామా. వల్లా, ఉత్త ఉప్పు.”

“వంటకి మనిషి ఉండగా ఉప్పు నువ్వెందుకు వేస్తావు?”

“ఊరికే మామా.”

“ఊరికే మెట్ల మలుపులో దాక్కుని వేస్తావా? ఎవరిచ్చారు ఈ నీళ్ళు? మీ చర్చిలో ఇచ్చారా, మీ ఊరి నుంచి తెచ్చావా? మా ఇంట్లో ఎవరి మీద చేయిస్తున్నావు?”

“ఎవరి మీదా కాదు మామా. కావాలంటే నేను తాగుతాను.”

“తాగనక్కర్లేదు. ఎందుకు వేస్తున్నావో చెప్పు చాలు. చెప్పవా? సరే, బాబాకి ఫోన్ చేస్తున్నాను. పోలీసులు అడిగితే చెబుదువు.”

“ఎలీసమ్మా, ఏంటికి పలకవు? జరిగింది చెప్పేయ్.”

“చెప్తే నీ జబ్బు బయటపడిపోద్దక్కా. నువ్వు నోరు తెరవకు. నా సంగతి ప్రభువు చూసుకుంటాడు.”

“మీ భాషలో ఏం గుసగుసలాడుతున్నారు? సంజీవా, నువ్వు పక్కకి జరుగు. నీకు దీనితో సంబంధం లేదు.”

“ఉండాది మామా. ఫోన్ పెట్టేయ్. దాని చేతిలో ఉండేది ఉప్పే. నీ కుండలో ఉప్పు తగ్గించింది నేను. నాకు బీపీ.”