తొంభయ్యవ రోజు సాక్ష్యం

స్కానింగు విభాగంలోని ఒక చిన్న గది. తెర మీద ఒక మెదడు చిత్రం. దాని యెదుట ఆ చిత్రాన్ని చదివి జోస్యం చెప్పిన డాక్టరమ్మ, ఆ మెదడుకు సొంతదారైన దర్జీ. దర్జీ భార్య తలుపు అవతల బల్ల మీద కూర్చుని ఉన్నది.

"ఇంతేనా నా బుర్ర?"

"ఎవరది... మీరేనా మాట్లాడింది?"

"..."

"టైలరుగారూ, నేను విన్నాను. ఇప్పుడు తల అడ్డంగా ఊపితే లాభం లేదు."

"హుష్! మెల్లిగా డాక్టరమ్మా. గోడలకే చెవులుంటాయంటారు, తలుపు అవతల మా ఆవిడే ఉంది. నోరు జారింది."

"జారడానికి అందులో మాటంటూ ఉండాలిగా! ఎప్పుడొచ్చింది?"

"రెండు నెలలు దాటింది."

"రెండు నెలలా! మొన్న ఫోన్ చేస్తే ఉలుకూ పలుకూ లేదన్నారే మీ ఆవిడ?"

"ఆవిడ ముందు లేదు మరి. ఎవరూ లేనప్పుడు నాలో నేను..."

"ఇదిగో, ఈ తెల్లమచ్చ చూడండి. మీరు పడిపోయిన రోజు తీసిన బొమ్మ. మెదడులో కారిన నెత్తురు, సరిగ్గా మాట పుట్టే చోట గడ్డకట్టింది. పొడవు, వెడల్పు, లోతు కొలిచి, హెచ్చవేసి, సగం చేసి, తొంభై రోజులకి కూడా మాట రాదని రాసింది నేనే. ఇవాళ్టికి సరిగ్గా తొంభై."

"సగం ఎందుకు చేశారు?"

"గడ్డ గుండ్రంగా ఉంటుంది. పెట్టెలా ఉండదు."

"అదీ న్యాయమే. చంక దగ్గర మాకూ అంతే. మీ కొలత తప్పలేదమ్మా. కానీ ఉతికాక గుడ్డ ఏమౌతుందో టేపుకేం తెలుసు?"

"వెటకారమా?"

"అనుభవం."

"సరే, దాచడం ఎందుకు?"

"ఏం చెప్పమంటారు..."

"చెప్పమనే అంటున్నాను."

"ముప్పై రెండేళ్ళ కాపురం. ఆవిడ ఒకటంటే నేను రెండు. ఏ మాటా తిన్నగా తెమలలేదు. ఇక్కణ్ణించి ఇంటికెళ్ళాక పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పింది... పెళ్ళికి ముందు, నన్ను చూడ్డానికే మా కొట్టు ముందునుంచి రెండుసార్లు ఊరికే నడిచిందట! 'నిజమా?' అనబోయాను. నోటిదాకా వచ్చింది. మింగేశాను. అన్నానంటే మళ్ళీ గొడవ మొదలౌతుంది కదా."

"అందుకని మూగనోము పట్టారు!"

"మీకూ మంచిదే కదమ్మా. మాట రాలేదని గీకెయ్యండి. మీ జోస్యం నిలుస్తుంది, నా కాపురం నిలుస్తుంది."

"నిలుస్తుంది, నిజమే. నా జోస్యం ఫలించిందా లేదా అని లెక్క రాసుకుంటున్న నూరుమందిలో మీరే ఆఖరు."

"ఇంకేం! శుభమా అని గీకెయ్యండి."

"రేపు ఇంకొకాయన పడిపోతాడు. అచ్చం ఇలాంటి బొమ్మే వస్తుంది. మీ కాగితం చూసి, 'ఈయనకి మాట రాదు, ఆశ వదులుకోండి' అని వాళ్ళావిడతో ఎవరో ఒకరు అంటారు. మాట నేర్పేవాళ్ళ దగ్గరికి కూడా పంపరు. అప్పుడో?"

"..."

"ఏమండీ, ఇప్పుడు నిజంగానే పోయిందా?"

"రాయండి. వచ్చిందనే రాయండి. మా ఆవిడకి మాత్రం..."

"అక్కడే వచ్చింది చిక్కు. రోగి ఇంట్లో ఎలా ఉన్నాడో ఇంటివాళ్ళు చెప్పి సంతకం పెడితేనే కాగితం చెల్లుతుంది. పిలుస్తున్నాను."

"అమ్మా, అమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను!"

"మీ గుట్టు నేను విప్పను. అడుగుతానంతే. ఏమండీ అమ్మగారూ, ఒకసారి లోపలికి రండి!"

"ఏమైంది డాక్టరుగారూ? ఈయనేంటి, ఇలా చెమటలు కక్కుతున్నారు?"

"ఏం లేదు. బరువు చూస్తారు, పక్కగదికి వెళ్ళాలి. టైలరుగారూ, మీరు పదండి."

"ఊఁ... ఊఁ."

"చూసుకుని నడవండి, గడప ఉంది... చెప్పండి డాక్టరుగారూ, నాతో ఏం పని?"

"ఇంట్లో ఆయన మాట్లాడుతున్నారా?"

"ఒక్క ముక్క లేదు."

"బాగా ఆలోచించుకోండి. మీరు చెప్పిందే రాస్తాను. ఇలాంటి బొమ్మే వచ్చిన ఇంకో ఇంటివాళ్ళకి, ఆశ పెట్టుకోమనాలో వద్దనాలో రేపు దీన్నిబట్టే చెబుతాం."

"ఇంకో ఇల్లా?"

"అవును. ఇంకో భార్య."

"... తలుపు వెయ్యండి."

"వేశాను."

"రాసుకోండి. మాట వచ్చింది. మూడో వారానికే వచ్చింది. దారం తెగిందని కుట్టుమిషన్ని ఏడు తరాలకీ కలిపి తిడుతుంటే వంటింట్లోంచి నా చెవులారా విన్నాను. ఎక్కడా నత్తి కూడా లేదు!"

"మరి ఆయనతో అనలేదేం?"

"ముప్పై రెండేళ్ళలో నా మాట చివరిదాకా విన్నది ఇప్పుడేనమ్మా! చెప్పుకుంటూ చెప్పుకుంటూ పెళ్ళయిన నాలుగో ఏడాదికే వచ్చాను, ఇంకా బోలెడుంది. సంతకం ఎక్కడ, ఇక్కడేనా? ఆయన చెవిన మాత్రం వెయ్యకండి తల్లీ. నాకు తెలుసని తెలిస్తే మాట్లాడేస్తారు!"