పెంచలమ్మ బతికుండగా పెట్టిన శోకాలు

మాలకొండమ్మ ఉందే, ఆమెకి నవ్వొచ్చిందంటే ఆగదంట. ఇంక యే జబ్బూ లేదు మనిసికి. బిందె సంకనేసుకుంటే బాయికాడ నుంచి ఇంటిదాకా చుక్క వొలకనియ్యదు, సంగటి కెలికితే వుండ కట్టనియ్యదు, అట్టాంటి పనిమంతురాలు. నవ్వు మాత్తరం ఆమె చేతిలో లేదు. పోనీ పెద్దగా నవ్వేసి ఊరుకుంటదా అంటే, ఆ నవ్వుకి సద్దుండదు. ముందర పొట్ట కదులుద్ది, తరవాత బుజాలు, తరవాత మనిసి మనిసంతా మజ్జిగ చిలికే కవ్వం లాగా వూగిపోద్ది. కళ్ళమ్మట నీళ్ళు దార కడతయ్యి. నోట్లో నుంచి మాట రాదు, యెంత పిలిచినా పలకదు. పెళ్ళిపీటల మీద గూడా అంతే అంట. పెళ్ళికొడుకు చెంచయ్య తలంబ్రాలు పోస్తా పోస్తా తుమ్మాడు. అంతే, ఈ పిల్ల కొంగు మొకాన కప్పుకోని వూగటం. పెళ్ళికొచ్చినోళ్ళేమో, అయ్యో, పుట్టిల్లు ఇడిసిపోతందని యెట్టా కుమిలిపోతందో చూడు బిడ్డ, అని వాళ్ళూ కళ్ళు తుడుచుకున్నారంట. నవ్వబాకండే, ముందరుంది కత. వొలవండి, చేతులాపబాకండి, ఈ శెనక్కాయలు మాపటికి అయిపోవాల.

ఇంక అత్తగారు పెంచలమ్మ. ఆమె నోరు యెట్టాంటిదనుకున్నారు, పొద్దన్నే తిట్టటం అందుకుంటే కోళ్ళు గూడా గంప కింద నుంచి బయటికి రావాలా వొద్దా అని ఆలోచన చేసేయంట. కోడల్ని పేరు పెట్టి పిలిచింది లేదు. గాడిదా అంటే కోడలు, యెదవా అంటే కొడుకు. అట్టని అత్తాకోడళ్ళకి పడదనుకునేరు. మద్దేనం పూట పనులయినాక ఇద్దరూ వసారాలో చేరితే ఇంక చూడాల. పెంచలమ్మ వొక్కా ఆకూ నమలతా, వూళ్ళో యెవురు యెట్టా నడస్తారో, యెవురు యెట్టా దగ్గుతారో అన్నీ చేసి చూపిచ్చేది. ఈ కోడలు నేలమీద పడి దొర్లేది. "ఆపత్తా, ఆపత్తా, కడుపులో పేగులు మెలిపడతన్నయ్యి" అని చేత్తో సైగ చేసేది. నోరు పెగలదు గదా, సైగే. ఆపమన్న కొద్దీ ఆ ముసలామె ఇంకొకళ్ళని పట్టుకొచ్చేది. చెంచయ్య పొలం నుంచి వొచ్చి, ఏందిరా దేవుడా ఈ కొంప, అనుకుంటా తనే నీళ్ళు ముంచుకోని కాళ్ళు కడుక్కునేవోడంట.

అట్టా జరగతా ఉంటే ఏమైందంటే, మునసబు ఓబయ్య పోయాడు. మునసబు అంటే మాటలా, వూళ్ళో యెవురింట్లో కోడి గుడ్డు పెట్టినా ఆయనకి తెలవాల్సిందే. వూరు వూరంతా కదిలింది. పెంచలమ్మకి గుండెలో రాయిపడింది. "ఒసే గాడిదా, నువ్వు రాబాకే, నీకు జొరమొచ్చిందని చెబతా" అనింది. "రాకపోతే వూరుకుంటారా అత్తా, రేపు మనింటికి యెవురన్నా వొస్తారా" అనింది కోడలు. అదీ నిజమే. అయితే ఇట్టా చెయ్యి, కొంగు మొకం నిండా కప్పుకో, యెవురొంకా చూడబాక, నీ కాలి బొటనేలొంకే చూస్తా కూచో, అని చెప్పి తీసకపోయింది. పాపం మాలకొండమ్మ బుద్దిగా బొటనేలొంకే చూస్తా కూచుంది. ఆడోళ్ళు శోకాలు పెడతన్నారు, ఈమె బొటనేలు చూస్తంది. అంతా బాగానే ఉంది. అప్పుడు దాసరి తాత శంఖం ఊదటానికి వొచ్చాడు. ముసలోడు, పండ్లు లేవు, ఆయన్ని చూస్తే ఊదితే పడిపోయేట్టున్నాడు. అందరూ చేతులు కట్టుకోని నిలబడ్డారు. తాత ఊపిరి బిగబట్టాడు, బుగ్గలు పొంగిచ్చాడు, కళ్ళు మూసుకోని బలమంతా తెచ్చి ఊదాడు. శంఖం మోగలా. ఇంకోటి మోగింది. అయ్యా, పుస్తకం పట్టుకోని కూచున్నాయనా, ఇది గూడా రాస్తన్నావా? రాసుకో, రాసుకో, జరిగిందేగా.

అందరూ ఇనబడనట్టే ఉన్నారంట. చావు గదా. మాలకొండమ్మకి ముందర పొట్ట కదిలింది. పెంచలమ్మ పక్కనుంచి తొడపాశం పెట్టింది. తొడపాశానికి ఆగే నవ్వా అది? బుజాలు వూగినయ్యి, మనిసి వూగింది, కూచున్న చోట నుంచి వొక పక్కకి వొరిగిపోయింది. కళ్ళనీళ్ళకి కొంగు తడిసి మొకానికి అంటకపోయింది. మునసబు కొడుకు తిరపాలు అది చూశాడు. చూసి, "చూడండమ్మా, మా నాయన కడుపున పుట్టినోళ్ళు గూడా ఇట్టా యేడవలా. మాలకొండమ్మా, ఊరుకో తల్లే, ఊరుకో" అని తనే దగ్గిరుండి మంచినీళ్ళు ఇప్పిచ్చాడంట. ఊరుకో అనేకొద్దీ ఇంకా వూగింది. ఆ దెబ్బతో ఊళ్ళో పేరు పడింది. ఇంక యెవురు పోయినా మాలకొండమ్మ రావాల్సిందే. "మాలకొండమ్మ వొచ్చిందా? రాలేదా? అయితే అప్పుడే పాడె లేపబాకండి, వొచ్చినాక లేపుదాం" అనేవోళ్ళు. వొస్తే ముందర చాప. పక్కూళ్ళ నుంచి గూడా బండి కట్టుకోని వొచ్చి తీసకపోయారంట. మరి చావింట్లో యేదో వొక వింత జరక్క మానదు గదా, ఆమె నవ్వక మానదు, వాళ్ళు మురవక మానరు. తిరిగొచ్చేటప్పుడు పొగాకు చేల మధ్యలో, మనుసులు లేని చోట, అత్తాకోడళ్ళిద్దరూ గట్టు మీద కూచోని మిగతా నవ్వంతా నవ్వేసి ఇంటికి పోయేవోళ్ళు.

ఇదిట్టా ఉండంగా పెంచలమ్మకి వొక దిగులు పట్టుకుంది. వొకరోజు మద్దేనం కోడల్ని పిలిచి, "ఒసే, వూళ్ళో అడ్డమైనోళ్ళకీ యేడస్తన్నావే, నేను పోతే యెట్టా యేడస్తావు?" అనింది. "అయ్యేం మాటలత్తా" అనింది కోడలు. "మాటలు కాదే. అందరికీ నీ యేడుపు దక్కింది, నా వొంతు వొచ్చేటప్పటికి నేను ఇననే ఇనను గదా. అది అన్నేయం కాదా? ఇప్పుడే యేడు, ఇంటా." ఇంకేముంది, వసారాలో నులకమంచం వాల్చుకుంది ముసలామె. పీనుగని పెట్టినట్టు తల దచ్చినానికి పెట్టి పడుకుంది. కాలి బొటనేళ్ళు రెండూ కలిపి కట్టమనింది, కట్టిచ్చుకుంది. ముక్కుల్లో దూది పెట్టనా అత్తా అంటే, వొద్దులే, తుమ్ములొస్తయ్యి అనింది. దుప్పటి గెడ్డం దాకా లాక్కోని, కళ్ళు మూసుకోని, "ఊ, కానియ్యి" అనింది. మాలకొండమ్మ మంచం పక్కన కూచోని రాగం తీసింది. "ఓ యత్తా, ఓ పెంచలత్తా, పొద్దన్నే లేచి గాడిదా అంటివే, మాపటికి మళ్ళా గాడిదా అంటివే, ఇంక నన్ను గాడిదా అనే దిక్కెవురే అత్తా..." మంచం మీద నుంచి పీనుగ కసిరింది. "అది కాదే, మంచియ్యి చెప్పు." "మంచియ్యా?" అని ఆగింది కోడలు. "ఉండత్తా, ఆలోచన చేస్తన్నా." అనటమే అనింది, పొట్ట కదిలింది. ఇంక చూస్కో. కొంగు మొకాన కప్పుకోని మంచంకోడు పట్టుకోని వూగతా ఉంది.

అప్పుడొచ్చింది పక్కింటి సింగారమ్మ. జల్లెడ ఇద్దామని వొచ్చింది. గడపలో కాలు పెట్టి చూస్తే ఏముంది, తల దచ్చినానికి, బొటనేళ్ళకి కట్టు, మంచం పక్కన మాలకొండమ్మ ఆ వూగటం. జల్లెడ అక్కడే ఇసిరేసి, "ఓ పెంచలక్కా, నన్నిడిసి పోయావా" అని కేక పెట్టిందమ్మా, ఆ కేకకి దొడ్లో బర్రె గూడా లేచి నిలబడింది. మాలకొండమ్మ కాదు కాదు అని చెయ్యి వూపింది. నోరు రాదు గదా, చెయ్యే. సింగారమ్మకి అదెట్టా అర్తమైంది? లేదు, ఇంక లేదు, అయిపోయింది, అంటందనుకుంది. ఇంకా గట్టిగా అరిసింది. పెంచలమ్మ లేద్దామనే అనుకుందంట. మెడ ఇంత లేపింది గూడా. అంతలోకి, ఉండు, వొచ్చినోళ్ళు నా గురించి ఏమనుకుంటారో ఇందాం అనిపిచ్చింది. అనిపియ్యదా మరి? మీకయితే అనిపియ్యదా? మెడ మళ్ళా దించేసింది.

వొచ్చారు జనం. వసారా నిండింది, వాకిలి నిండింది. వొకామె, "వొడియాలు పెట్టటంలో ఆమె తరవాతే యెవురైనా" అనింది. పెంచలమ్మకి బాగుంది. ఇంకోడు, "నేను జొరంతో పడుంటే తిడతా తిడతానే గంజి తెచ్చి పోసిందిరా" అన్నాడు. ఇంకా బాగుంది. అప్పుడు సింగారమ్మ ముక్కు చీదుకుంటా, "మనిసి బంగారమే గానీ ఆ నోరు. మనిసి కాలినాక ఆ నోరు ఇంకెంతసేపు కాలుద్దో" అనింది. నలుగురూ అవునవును అన్నారు. దుప్పటి కింద పెంచలమ్మ పిడికిలి బిగిసింది. తిరపాలు వొచ్చి పెద్దరికంగా, కట్టెలకి పంపండి, డప్పులోళ్ళకి చెప్పండి, అని పనులు పురమాయిస్తన్నాడు. మాలకొండమ్మకి అది చూసి భయమేసింది. ఒమ్మో, కాటికి మోసకపోయేట్టున్నారే అని అత్తని గిల్లబోయింది. ఆమె చెయ్యి మంచం మీదికి పోతంటే ఆడోళ్ళు పట్టుకోని, "గుండె రాయి చేసుకో తల్లే, పీనుగ మీద పడగూడదు" అని వెనక్కి లాగారు. ఆ మాటకి భయంలో నుంచి మళ్ళా నవ్వొచ్చె. ఏం చేస్తది?

అంతలో చెంచయ్య వొచ్చాడు. చేలో నుంచి ఉరికొచ్చాడు, తలగుడ్డ యేడ పడిపోయిందో, కాళ్ళనిండా మన్ను. వొచ్చి తల్లి కాళ్ళ మీద పడ్డాడు. ఆయన సావాన్యంగా మాట్టాడే మనిసి కాదు, తల్లి పది తిడితే వొక ఊ కొట్టి పోయే రకం. అట్టాంటోడు పసిబిడ్డ లాగా, "అమ్మా, పొద్దన సంగట్లో ఉప్పు తక్కవైందని చెయ్యి కడుక్కోని లేచిపోతినే. నువ్వు తినరా యెదవా అంటా వాకిలి దాకా వొస్తివే. ఇనకుండా పోతినే అమ్మా. ఇంక నేను ఆకలితో పోతే నన్ను యెవురు తిడతారే" అని భోరుమన్నాడు. ఆడోళ్ళు కొంగులు కళ్ళకి అద్దుకున్నారు. మాలకొండమ్మకి గూడా నవ్వు ఆగినంత పనైంది. పెంచలమ్మ మూసిన కంట్లో నుంచి నీళ్ళు కారి చెవి దాకా పోయినయ్యి. తలాపునున్న సింగారమ్మ చూసింది. "శవం యేడస్తంది రోయ్!" అని అరిసింది. ఇంక తొక్కిడే తొక్కిడి. గోడ దూకినోళ్ళు దూకారు, పెద్దరికం చేస్తన్న తిరపాలు నీళ్ళ గాబులో పడ్డాడు.

పెంచలమ్మ లేచి కూచోని, "ఒరే యెదవా, నేను చావలేదురా" అనింది. అని కొడుకుని పట్టుకుందామని మంచం దిగబోయింది. బొటనేళ్ళు కట్టి ఉండాయని మర్సిపోయింది. దబ్బని కొడుకు మీద పడింది. చెంచయ్య పట్టుకున్నాడు. పట్టుకోని వొదల్లా. వొదల్లేదు గానీ, కాసేపటికి కోపమొచ్చింది. పెళ్ళాం వొంక తిరిగి, "ఏందే ఇదంతా?" అన్నాడు. ఆమె ఇంకా వూగతానే ఉంది. "నిన్నే" అని కొంగు లాగాడు. లాగితే ఏముంది, ముప్పై రెండు పండ్లూ బయటే ఉన్నయ్యి.

పారిపోయినోళ్ళు అప్పుడప్పుడే తిరిగొస్తన్నారు. అందరూ చూశారు ఆ పండ్లు. గాబులో నుంచి లేచొచ్చిన తిరపాలు, నీళ్ళు కారతా నిలబడి, "అయితే మా నాయన పోయిన్నాడు గూడా..." అన్నాడు. మాలకొండమ్మ తల దించుకుంది. అంతే, లేచింది వూరు. మా అమ్మకి నవ్విందని వొకళ్ళంటే, మా పెదనాయనకి నవ్విందని ఇంకొకళ్ళు. ఈ ఇంటికి మంచికి రాబాకండి, చెడుకి రాబాకండి, వీళ్ళకి నిప్పు గూడా ఇయ్యబాకండి, అని తిరపాలు కేకలేశాడు. మాలకొండమ్మకి అప్పుడు నవ్వు పోయింది. మొగుడి మొకం చూడలేదు, జనం మొకం చూడలేదు. వూళ్ళో ఉండి వూరు కాకుండా బతకటం యెట్టా?

పెంచలమ్మ కొడుకు బుజం పట్టుకోని నిలబడింది, బొటనేళ్ళు ఇంకా కట్టే ఉన్నయ్యి. "ఒరే తిరపాలూ, ఇట్టా రారా. మీ నాయన పోయిన్నాడు నువ్వెంత యేడ్చావో నేను చూళ్ళా? ఇస్తరాకులు చాల్లేదని అరుస్తా తిరిగావు. నా కోడలు నవ్విందో యేడ్చిందో నీకెందుకు, కళ్ళమ్మట నీళ్ళొచ్చినయ్యా లేదా? మీ నాయన పందిట్లో ఆరోజు నిజంగా కారిన కన్నీళ్ళు అయ్యే. అయ్యి గూడా లేకపోతే పొడిగా పోయేవోడు మీ నాయన" అనింది. తిరపాలు, "అసలు ఎందుకు నవ్వింది? అది చెప్పు" అన్నాడు. ఆమె శంఖం సంగతి చెప్పింది. చెప్పటమేంది, దాసరి తాత బుగ్గలు యెట్టా పొంగినయ్యో పొంగిచ్చి చూపిచ్చింది, మోగింది గూడా నోటితోటే మోగిచ్చింది. తిరపాలు పెదాలు బిగబట్టాడు. బిగబట్టాడు, బిగబట్టాడు. ఆయన బుజాలు వూగినయ్యమ్మా. వాకిట్లో వొకళ్ళెనక వొకళ్ళు, ఆరోజు ఇనబడనట్టు నిలబడినోళ్ళందరూ, ఇన్నాళ్ళు కడుపులో దాచుకుందంతా నవ్వేశారు. దాసరి తాత గూడా ఉన్నాడు అక్కడ. "అది శంఖంలో బెజ్జం పూడిపోయి" అని చెప్పబోయాడు, యెవురింటారు? అందరూ పోయినాక పెంచలమ్మ సింగారమ్మని మాత్తరం ఆపి, "నా నోరు యెంతసేపు కాలుద్దన్నావే?" అని మొదలుపెట్టింది. పొద్దుగూకిందాకా వొదల్లా.

ఆమె ఆ తరవాత చానా ఏళ్ళు బతికింది. నిజంగా పోయిన్నాడు ఏమైందంటే, కబురు పంపితే వూళ్ళో యెవురూ లేవలేదంట. మళ్ళా పడుకుందా, రేపొస్తాంలే అన్నారు. వొచ్చినోళ్ళు గూడా, "లేవక్కా, పనులున్నయ్యి మాకు" అని మంచం పక్కన నిలబడి చూశారు. ఎంతకీ లేవకపోయేటప్పటికి వొకళ్ళ మొకాలొకళ్ళు చూసుకున్నారు. మాలకొండమ్మ తలాపున కూచోని ఉంది. వొచ్చినోళ్ళు ముందర చాప ఏస్తే పోలా. శోకం పెట్టలా, పలకరిస్తే పలకలా. బయటికి మోస్తంటే గడపదాకా వొచ్చి, అప్పుడు కొంగు మొకాన కప్పుకుంది. బుజాలు వూగినయ్యి. చానాసేపు వూగినయ్యి. నవ్వో యేడుపో, కొంగెత్తి యెవురూ చూళ్ళా. చెంచయ్య గూడా చూళ్ళా.

అదమ్మా సంగతి. మా కోడలికి గూడా చెప్పి పెట్టా నేను, ఒసే, నేను పోయిన్నాడు నవ్వొస్తే నవ్వవే, మొగమాటపడబాక, అని. దానికేమో నేను బతికుండగానే ఏం చెప్పినా నవ్వు రాదు. చూడు, ఇంత కత చెప్పానా, ఆ మూల కూచోని శెనక్కాయలే వొలస్తంది మహాతల్లి.