పోకర్ ఉస్తాద్

సౌదీలోని అల్ ఖర్జ్ పాల ఫామ్‌లో మేనేజర్ గది బయట ఇద్దరు మెకానిక్‌లు నిలబడ్డారు. వాళ్ల రూములో దొరికిన పేకముక్కలు లోపల బల్ల మీదున్నాయి.

"అన్నా, భయపడకు. పోకర్ జూదం కాదు, తెలివితోని ఆడే ఆట. ఇండియాల ఒక కోర్టే చెప్పింది."

"తెలివితోనే అని నీకెట్ల తెలుసు?"

"నెల నుంచి నేనొక్కన్నే గెలుస్తున్న గదా! అదృష్టం ఒక్కనికే అన్ని రోజులుంటదా?"

"గిదే మాట లోపల చెప్పు తమ్మీ. నేను సాక్ష్యం చెప్తా."

"ఏమని?"

"తెలివి నీది, ఆట నీది, మాకు నేర్పిందీ నువ్వే అని. జూదమైతే రూముల ఉన్నోళ్లందరి కొలువులు పోతయి. తెలివైతే మళ్ల రాకుండ వీసా మీద ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఉస్తాద్ ఒక్కన్నే ఇంటికి పంపుతరు."

తలుపు తెరుచుకుంది.

"అన్నా, నిజం చెప్తున్న. నాకు రాజుకూ రాణికీ తేడా తెల్వదు. అంతా అదృష్టమే!"