ఉల్లిపాయ ఎవరిది

అది 1988. న్యూజెర్సీలో ఒక పెద్ద కంపెనీ పేరుతో ఓ తెలుగు దంపతులు నడుపుతున్న పాన్‌కేక్ హోటల్లో మధ్యాహ్నం రద్దీ తగ్గింది. ఆమె పెనం తుడుస్తుంటే, అతను కంపెనీ నుంచి వచ్చిన కాగితం పట్టుకుని లోపలికి వచ్చాడు.

“పాన్‌కేక్ అంటుకోకుండా నువ్వు పెనానికి సగం ఉల్లిపాయ రుద్దుతావు చూడు, అది వాళ్లకి తెగ నచ్చిందట. అన్ని షాపుల్లోనూ పెడతారట.”

“కంపు అని నవ్వారుగా మీరు!”

“నవ్వాను. వాళ్ల లాయర్లు మాత్రం నవ్వలేదు. కనిపెట్టినవాళ్ల పేరు రాసి సైన్ చేయమన్నారు. ట్రైనింగ్ బుక్‌లో నీ పేరు ప్రింట్ చేస్తారట.”

ఆమె చేతిలోని గుడ్డ ఆగింది. పెళ్లి శుభలేఖలో తప్ప తన పేరు ఇంతవరకూ ఎక్కడా అచ్చు కాలేదు.

“ఊరికేనా?”

“అగ్రిమెంట్ ప్రకారం ఈ షాపులో మనం కొత్తగా ఏం కనిపెట్టినా అది వాళ్లదే.”

“మరి మనవాళ్లుండే ఐసెలిన్‌లో పెడదామనుకున్న మన దోశల హోటల్లో?”

“అక్కడ రుద్దాలంటే వాళ్ల పర్మిషన్ కావాలి.”

“నా పెనానికి నేను ఉల్లిపాయ రుద్దుకోవడానికా?”

“నువ్వే కనిపెట్టానని రాస్తే అంతే మరి.”

పేరు రాయాల్సిన ఖాళీ గీత మీద ఆమె వేలు పెట్టింది.

“అయితే నా పేరు వద్దు. మా ఊరి ఆడవాళ్లందరూ అని రాయండి.”

“వాళ్లందరి సైన్లూ కావాలంటారే!”

“వెళ్లి తెచ్చుకోమనండి.”