పన్నెండో బాతు

జహీరా చాచీ, పోశం తాతా, హమీద్ కాకతో కలిసి బొగ్గుగనిలో పనిచేసిన అన్నలారా, డ్యూటీ దిగి నేరుగా వచ్చిన కార్మికులారా, ఆయన బొమ్మల పుస్తకాలు చంకన పెట్టుకొచ్చిన పిల్లలారా! హమీద్ కాక పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. గోదావరిఖనిలో ఇంతమందిమి ఒకచోట కూర్చున్నాం. నేనైతే ఒక తప్పు చేసి వచ్చాను. అదేంటో చివర్లో చెప్దామనుకున్నాను. కాదు, ఇప్పుడే చెప్తాను. లేకపోతే తప్పించుకుంటాను.

నా పేరు తిరుమల. కమాన్‌పూర్ బడిలో టీచర్‌ని. నేను రాసిన కథకు కాక బొమ్మలు వేస్తున్నారు. మేకపిల్లను వెతకబోయిన నలుగురు పిల్లల కథ. పదిహేను పేజీలు వేశారు. పిల్లలు ఇల్లు చేరే ఆఖరి పేజీ వేయకుండానే పోయారు. మొన్న అచ్చువేసేవాళ్లు ఫోన్ చేసి, ఆ ఒక్క పేజీ ఆయన గీతలాగే కంప్యూటర్‌తో చేయిస్తాం, ఎవరూ కనిపెట్టలేరు అన్నారు. నేను సరే అన్నాను. అవును, నేనే అన్నాను! రేపు పది గంటలకు అచ్చుకు పోతుంది.

ఆయన బొమ్మ ఎట్లా వేసేవారో మీలో ఎందరు చూశారు? ముందు కాగితమంతా బొగ్గుపొడి రుద్ది నల్లగా చేసేవారు. తర్వాత రబ్బరుతో కొంచెం కొంచెం తుడుస్తూ వెలుతురు రప్పించేవారు. అందరూ తెల్లకాగితం మీద నలుపు గీస్తారు, ఆయన నలుపులోంచి పిల్లల ముఖాలు బయటికి తెచ్చారు. నేల మీద కూర్చునే వేసేవారు. అందుకే ఆయన పుస్తకాల్లో పెద్దవాళ్ల మోకాళ్లు దగ్గరగా, ముఖాలు ఎక్కడో ఎత్తున ఉంటాయి. పిల్లలకు లోకం కనిపించేది అట్లాగే కదా!

నేను నాలుగో తరగతిలో ఉండగా ఆయన 'బాతుల బండి' మా బడికి వచ్చింది. మొదటి పేజీలో పన్నెండు బాతులు బండెక్కాయి. ఆఖరి పేజీలో పదకొండే దిగాయి. నాకు ఏడుపొచ్చింది. మీ బాతు ఒకటి ఏమైందని కార్డు ముక్క రాశాను. వారం తిరక్కుండా డ్యూటీకి సెలవు పెట్టి, బస్సెక్కి మా బడికి వచ్చారు. పుస్తకం తీసుకుని లెక్కపెట్టుకున్నారు. ముఖం చిన్నబోయింది. "నాదే తప్పు బిడ్డా. నువ్వు అడగకపోతే గా బాతు తొవ్వలనే ఉండిపోతుండె" అన్నారు. అక్కడే నేల మీద కూర్చుని, చక్రం వెనకాల ఒంటికాలు ఎత్తిన పన్నెండో బాతును వేశారు.

అంతటితో ఊరుకున్నారా? బసంత్‌నగర్ నుంచి మొదలుపెట్టి, ఆ పుస్తకం చేరిన బడులన్నీ రెండేళ్లు తిరిగారు. ప్రతి పుస్తకంలో ఆ బాతును చేత్తో వేసి వచ్చారు. జహీరా చాచీ, మీరు పోట్లాడేవారట, "ఇంటికి రాని బాతుకున్న విలువ ఇంట్లున్న నాకు లేకపాయె" అని! నవ్వుతున్నారు. నవ్వండి చాచీ.

ఒక్క బాతు కోసం ఇంత తిప్పలు ఎందుకని నేనూ అనుకున్నాను. ఇందాక బయట చాయ్ తాగుతూ పోశం తాత చెప్పేదాకా నాకు తెలియదు. కాక పనిచేసింది ల్యాంప్‌రూంలో. గనిలోకి దిగేవాళ్లకు నెత్తి లైట్లు ఇచ్చి, పైకొచ్చాక తీసుకుని, ఎవరి నెంబరు కొక్కేనికి వాళ్లది తగిలించే పని. ఒకరోజు షిఫ్టు అయిపోయింది. ఒక కొక్కెం ఖాళీ. ఎవడో మరిచిపోయి ఇంటికి తీసుకుపోయి ఉంటాడు, ఇంకో లైటు తగిలించి లెక్క మూసేయమని అందరూ తొందరపెట్టారు. కాక ఆ కొక్కేనికి అడ్డంగా నిలబడ్డారు. "మనిషి వచ్చిందాక అది ఖాళీగనే ఉంటది. ఇంకోలది పెడితే ఆయన్ని ఎవరు దేవులాడుతరు?" అన్నారు. దిగి వెతికారు. బొగ్గుపెళ్ల కింద కాలు ఇరుక్కుని దొరికిన మనిషి ఇదిగో, ముందు వరుసలో కూర్చున్నారు.

ఇంకోలది పెడితే ఎవరు దేవులాడుతరు? ఆ మాట విన్నప్పటినుంచి నాకు సిగ్గుగా ఉంది. ఆయన కొక్కేనికి ఇంకో లైటు తగిలించమని చెప్పింది నేనే కదా!

అందుకే మీ అందరి ముందు చెప్తున్నాను, మళ్లీ మాట మార్చకుండా. ఆ పేజీ ఖాళీగానే ఉంటుంది. దాని కింద నేను రాసిన 'అందరూ ఇంటికొచ్చారు' అనే వాక్యం కూడా కొట్టేస్తాను. ఖాళీ పేజీ పుస్తకం ఎవరు కొంటారని వాళ్లు అనొచ్చు, అసలు పుస్తకమే అచ్చు వేయం అని కూడా అనొచ్చు. అననీ. పిల్లలు ఆ పేజీ దగ్గర ఆగాలి, ఇక్కడ బొమ్మ ఏదని అడగాలి. అప్పుడు మనం హమీద్ కాక గురించి చెప్పాలి.

ఇప్పుడు రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. కళ్లు మూసుకోకండి. ఒకరినొకరు చూసుకోండి, ఆయన చూసినట్టు లెక్కపెట్టండి. ఒకరు తక్కువ వస్తారు. తక్కువగానే ఉండనివ్వండి.

పోశం తాతా, ఆ కాలుతో మీరు లేవకండి, కూర్చునే ఉండండి... లేచారా. అయితే అందరం లేద్దాం.