కూచినపూడి నియోజకవర్గంలో తొమ్మిది పేర్లు

బాపట్ల. 2026 జూలై 14, మంగళవారం. ఉదయం 11.40. ఓటర్ల జాబితా విచారణ అధికారి ఎదుట దారా యోబు చెప్పగా రాసుకున్నది.

నేను దారా యోబును. మా నాన్నగారు జకరయ్య, లేరు. నా వయసు డెబ్బై మూడు. ఉండేది పిట్టలవానిపాలెం. రైసు మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు గుమాస్తాగా చేశాను, ఇప్పుడు ఏ పనీ లేదు. కిందటేడు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. అందుకే నేను చెబుతుంటే మీ వాళ్లు రాస్తున్నారు. తల మాత్రం సరిగ్గానే ఉంది. ఆ మాట కూడా రాయండి. రేపు ఎవరైనా ముసలాడికి మతి పోయిందంటారు.

నేను షేక్ జైనబ్ బీ తరఫు సాక్షినని మీ కాగితంలో ఉంది. అది సగం నిజం. మిగతా సగం విన్నాక నన్ను ఏమనాలో మీరే రాసుకోండి.

ఆమెకు నోటీసు వచ్చింది. ఇప్పటి సవరణకు ఆధారంగా తీసుకున్న 2002 నాటి జాబితాలో ఆమె పేరు గానీ, ఆమె భర్త జానీ బాషా పేరు గానీ లేవు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ జాబితాలో లేరు కాబట్టి కొడుకు వాసింకీ, కూతురు తహసీన్‌కీ కూడా నోటీసులు వచ్చాయి. ఈ రోజు రుజువు చూపకపోతే ముగ్గురి ఓట్లూ పోతాయి. వాసిం ముందు బాపట్ల పాత జాబితాలో వెతికాడు. తర్వాత రేపల్లెలో వెతికాడు. తెనాలి వెళ్లి ఇంటర్నెట్ సెంటర్లో ఒక పూట కూర్చున్నాడు. అప్పట్లో మా ఊరు బాపట్లలోనూ లేదు, రేపల్లెలోనూ లేదు. కూచినపూడి నియోజకవర్గంలో ఉంది. ఆ నియోజకవర్గం ఇప్పుడు లేదు.

దాని గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. గొప్పకు చెప్పడం లేదు. 1978 నుంచి 2004 దాకా ఏడు అసెంబ్లీ ఎన్నికల్లో ఒకే బూతులో మా పార్టీ ఏజెంటుగా కూర్చున్నాను. అదే బడి, అదే గది, కిటికీ పక్కన అదే బెంచీ. పార్టీ పేరు రాయకండి, పార్టీ నన్ను ఈ పని చెయ్యమనలేదు. ఎన్నికలకు పది రోజుల ముందు నుంచి మిల్లులో కూర్చుని జాబితాలో ప్రతి పేరు పక్కనా గుర్తు పెట్టేవాణ్ణి. మనవాళ్లకు టిక్కు, వాళ్లవాళ్లకు సున్నా, అటూ ఇటూ ఊగేవాళ్లకు గీత. ఓట్లు లెక్కపెట్టాక చూసుకుంటే నా అంచనా పది, పదిహేను ఓట్ల కంటే తప్పేది కాదు. మిల్లు యజమాని రాఘవయ్య గారు "యోబు ఉండగా మనకు జ్యోతిష్యం ఎందుకయ్యా" అనేవారు. ఆ మాటకు ఉబ్బిపోయేవాణ్ణి. ఇంట్లో బియ్యం లేకపోయినా ఉబ్బిపోయేవాణ్ణి.

జానీ బాషా, జైనబ్ బీ 1984లో మా ఊరొచ్చి పరుపుల కొట్టు పెట్టారు. మా అమ్మాయి లిడియా పుట్టినప్పుడు ఊయల్లోకి చిన్న పరుపు వాళ్లే కుట్టి ఇచ్చారు. 1987లో దూది ఏకే మిషన్లో పడి జైనబ్ బీ ఎడమ చూపుడు వేలు రెండు కణుపుల దాకా తెగిపోయింది. ఆ తర్వాత మూడు ఎన్నికల్లో ఆమె ఓటుకు వస్తే సిరా మధ్య వేలికి పెట్టారు. ప్రతిసారీ సిరా పెట్టే మనిషి చూపుడు వేలి కోసం వెతికేవాడు. ప్రతిసారీ ఆమె "ఆ వేలు మిషను తినేసిందండి, పక్కది తీసుకోండి" అనేది. గదిలో అందరం నవ్వేవాళ్లం.

ఆమె పేరు పక్కన నేను పెట్టేది సున్నా. అవతలి పార్టీ జెండాలు వాళ్ల కొట్లోనే కుట్టేవారు.

1999లో నా బూతు ఏడు ఓట్లతో పోయింది. అంతకు ముందు ఎప్పుడూ పోలేదు. రాఘవయ్య గారు ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ తగిలింది.

2002 మొదట్లో ఇంటింటికీ తిరిగి జాబితా కొత్తగా రాశారు. పేరు తీసేయమని అడిగే ఫారాలు మిల్లులో కూర్చుని నింపాను. పది ఫారాలు. అన్నింటిలో కారణం ఒకటే, చనిపోయారు. ఒకటి నిజం. జానీ బాషా అంతకు ముందు నవంబరులో పోయాడు. నేను మట్టికి కూడా వెళ్లాను. మిగిలిన తొమ్మిది అబద్ధం. తొమ్మిదీ సున్నా ఉన్న పేర్లు. జానీ బాషా మరణ ధ్రువపత్రం నకలు పైన పెట్టి, దాని కింద అతని ఫారం, దాని కింద జైనబ్ బీ ఫారం, అన్నింటికీ కలిపి ఒకే గుండుసూది గుచ్చాను. విచారణకు వచ్చిన ఆయన మిల్లులో టిఫిన్ తిన్నాడు. పైకాగితం చూశాడు. "ఊళ్లోకి రావాలా?" అన్నాడు. "ఎందుకు సార్ ఎండలో, నాకు తెలియని వాళ్లా" అన్నాను. ఆయన పేరు నాకు గుర్తు లేదు. నిజంగానే గుర్తు లేదు.

రాఘవయ్య గారు చెయ్యమన్నారా అని మీరు అడిగారు. లేదు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది, ఆయన మీద తోసెయ్యడం తేలికే. మా ఆవిడ సుందరమ్మ కూడా ఆయన పేరే చెప్పమంది. కానీ ఆయనకు తెలియదు. బూతు గెలిచాక చెబుదామనుకున్నాను. గెలిచాక కూడా చెప్పలేదు.

2004 ఏప్రిల్‌లో పోలింగు రోజున జైనబ్ బీ ఉదయం ఎనిమిది నలభైకి వచ్చింది. బూడిదరంగు చీర, కొంగు తల మీదుగా ఉంది. అధికారి జాబితా రెండుసార్లు వెతికి నా వైపు చూశాడు. నేను నా జాబితా తిప్పినట్టు తిప్పి "లేదు సార్" అన్నాను. ఆమెకు కోపం రాలేదు. నా వైపు తిరిగి నవ్వుతూ, "ఆయన పోయాడు గదన్నయ్యా, ఆయనతో పాటు నన్నూ కొట్టేశారేమో" అంది. నేను కాగితంలోకి చూస్తూ కూర్చున్నాను. "పోనీలే, వచ్చేసారి వస్తా" అని వెళ్లిపోయింది.

ఆమె అన్నది అక్షరాలా జరిగినదే. తెలిసి అన్నది కాదు. ఇరవై రెండేళ్లుగా ఆ మాట నా చెవిలో ఉంది.

ఆ బూతు రెండు ఓట్లతో మాకు వచ్చింది. సీటు ఎవరికి వచ్చిందో ఇక్కడ అనవసరం. ఎందుకంటే వచ్చేసారి అనేది లేదు. 2009 ఎన్నికలకల్లా కూచినపూడిని తీసేసి ఊళ్లను పంచారు. కొన్ని రేపల్లెకు, మా ఊరు బాపట్లకు. ఏ సీటు కోసం బతికున్న మనుషుల్ని చంపానో ఆ సీటే లేకుండా పోయింది. ఆ వార్త పేపర్లో చదివి, పేపరు మడిచి, పనికి వెళ్లాను. తర్వాత ఏ బూతులోనూ కూర్చోలేదు. జైనబ్ బీ కొత్తగా పేరు రాయించుకుని బాపట్ల జాబితాలో ఓటు వేస్తూనే ఉంది. కాబట్టి తప్పు సర్దుకుపోయిందనుకున్నాను. ఈ నోటీసు వచ్చేదాకా అలాగే అనుకున్నాను.

మిగిలిన ఎనిమిది మంది పేర్లు వేరే కాగితం మీద రాయించాను. వాళ్లలో అయిదుగురు ఇప్పుడు నిజంగానే లేరు.

ఈ నెల 6వ తేదీ సాయంత్రం అయిదు గంటలకు వాసిం తల్లిని తీసుకుని మా ఇంటికి వచ్చాడు. నా దగ్గర పాత జాబితాలు ఉన్నాయని ఎవరో చెప్పారట. "అన్నయ్యా, నేను ఈ ఊళ్లో ఓటేశానని చెప్పడానికి నువ్వు తప్ప ఎవరూ మిగల్లేదు" అందామె. సుందరమ్మ ట్రంకుపెట్టె తీసింది. 1999 జాబితాలో ఆమె పేరు ఉంది, పక్కన నా సున్నా ఉంది. "ఈ సున్నా ఏంటి?" అని జైనబ్ బీ అడిగింది. ఓటు వేసినట్టు గుర్తు అని చెప్పాను. అది మరో అబద్ధం, అదీ రాసుకోండి.

వాళ్లు వెళ్లాక పెట్టె అడుగున పది ఫారాల కార్బన్ నకళ్లు దొరికాయి. నా చేతిరాతే. అప్పట్లో నా రాత బాగుండేది. సుందరమ్మ చూసి, "పాత లిస్టు ఇచ్చేసి ఊరుకో. అడగని దానికి జవాబు ఎందుకు?" అంది. వారం రోజులు ఊరుకున్నాను. కానీ 1999 జాబితా చూపిస్తే 2002లో ఎందుకు లేదని మీరు అడుగుతారు. దానికి ఆమె దగ్గర జవాబు లేదు. నా దగ్గరే ఉంది. ఆ పది నకళ్లూ ఇప్పుడు మీ బల్ల మీద పెట్టాను.

ఈ రోజు ఉదయం 9.10కి షేర్ ఆటోలో వచ్చాం. నా చెయ్యి పనిచేయదని జాబితాల సంచి ఆమే మోసింది. దారిలో ఇడ్లీ తినిపించింది. ఎడం చేత్తో తినలేక పోసుకుంటుంటే చట్నీ నా చొక్కా మీద పడింది, కొంగుతో తుడిచింది. ఇప్పుడు బయట వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. సంచి ఆమె ఒళ్లోనే ఉంది. నేనేం చెబుతున్నానో ఆమెకు తెలియదు.

నా మీద కేసు పెడితే పెట్టండి. నేను అడిగేది ఒకటే. ఇది ఆమెకు చదివి వినిపించేటప్పుడు నన్ను బయటికి పంపకండి. ఒకసారి ఆమె ఎదురుగా కాగితంలోకి చూస్తూ కూర్చున్నాను. ఈసారి అలా కూర్చోను.

ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఆశ చూపలేదు. పైన చెప్పిందంతా జరిగింది జరిగినట్టు చెప్పాను. రాసింది చదివి వినిపించారు, సరిగ్గానే ఉంది. సంతకం చేయలేను కనుక ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

(దారా యోబు, ఎడమ బొటనవేలి ముద్ర)

అధికారి రాసినది: యోబు కోరిక మేరకు షేక్ జైనబ్ బీని లోపలికి పిలిచి, వాంగ్మూలాన్ని అతని ఎదుటనే చదివి వినిపించాను. చదవడం మధ్యాహ్నం 1.05కి ముగిసింది. వేలిముద్ర ఎవరిదో తెలిసినవారు ఒకరు గుర్తించి సంతకం చేయాలి. గదిలో అతన్ని ఎరిగినవారు ఆమె తప్ప లేరు. ఆ సంగతి ఆమెకు చెప్పాను. కలం 1.25కి అందుకుంది. అడిగినదానికి ఇచ్చిన జవాబు ఆమె మాటల్లోనే:

"ఈయన యోబే. నలభై రెండేళ్ల నుంచి ఎరుగుదును. బతికే ఉన్నాడు."

(షేక్ జైనబ్ బీ, సంతకం)